పాత బాక్సు బాగానే ఉంది

కొత్త లాప్‌టాప్ కొన్నప్పుడు నాకు యాభై ఎనిమిదేళ్ళు. కాలేజీలో తెలుగు చెప్పడం మానేసి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పదో తరగతి పిల్లలకు వ్యాకరణం చెబుతున్న రోజులవి. పాత లాప్‌టాప్ పాఠం మధ్యలో ఆరిపోయేది. ఆరిపోయినప్పుడల్లా ఒకరిద్దరు పిల్లలు మానేసేవారు. ఎవరో తల్లి గ్రూపులో "మేడమ్‌కి ఇవన్నీ అలవాటు లేనట్టున్నాయి" అని మెసేజ్ పెట్టి, పక్కన నవ్వే బొమ్మ ఒకటి అతికించింది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఆ నవ్వు బొమ్మ వల్ల రెండు రోజులు అన్నం సహించలేదంటే ఎవరూ నమ్మరు. ఆ వారమే విజయనగరంలో దుకాణానికి వెళ్ళి కొత్తది కొన్నాను. షాపాయన ఇంటికొచ్చి, మా వైఫైకి కలిపి, అన్నీ చూపించి వెళ్ళాడు. చూపించినవాటిలో సగం నాకు అర్థం కాలేదు. అయినా అర్థమైనట్టే తలూపాను.

ఆ చలికాలంలో మా పక్కింటివాళ్ళు మేడ మీద ఇంకో అంతస్తు వేయడం మొదలుపెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయి కోసే మిషను మోత. నా క్లాసు సాయంత్రం నాలుగింటికి. ఆ మోతలో సంధులు చెప్పడం కుదరక, పది రోజులు ఎక్కడికైనా పోదామనుకున్నాను. నాతో పనిచేసిన ఒకావిడ అరకు దగ్గర ఒక ఊరి సంగతి చెప్పింది. చిన్న కాఫీ తోట ఉన్న గిరిజన దంపతులు ఇంటి వెనక రెండు గదులు కట్టి, వచ్చినవాళ్ళకి ఇస్తున్నారట. ఫోన్ చేసి నేనడిగిన మొదటి మాట నీళ్ళ గురించీ కాదు, తిండి గురించీ కాదు.

"వైఫై ఉందా?"

"ఉన్నాదమ్మా. మా గుంటలు హాస్టల్నుంచి వచ్చినప్పుడు అందులోనే బొమ్మలు సూత్తారు" అంది ఇంటావిడ.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి అదే అడిగాను. బయల్దేరే ముందు మూడోసారి అడిగాను. మూడుసార్లూ ఆమె విసుక్కోకుండా ఉన్నాదనే చెప్పింది.

కొత్తవలసలో రైలెక్కి, అరకులో దిగి, షేర్ జీపులో ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. గేటు పక్కన రేకు బోర్డు. దాని మీద నీలం పెయింటుతో 'రూములు ఇవ్వబడును' అనీ, కింద కాస్త కొత్త అక్షరాలతో 'వైఫై కలదు' అనీ రాసి ఉంది. ఇంటావిడకి నలభై ఏళ్ళుంటాయి. నా సంచీ అందుకుని గది చూపించింది. శుభ్రంగా ఉంది గది. కిటికీలోంచి చూస్తే ఎత్తైన చెట్లు, వాటి మీదకి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ముంగిట్లో టార్పాలిన్ పరదాల మీద ఎర్రటి కాఫీ పళ్ళు ఆరబోసి ఉన్నాయి. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని పచ్చికాయలు ఏరుతున్నారు.

నేను లాప్‌టాప్ తెరిచాను. రైల్లో పట్టిన దుమ్ము మీటల మధ్య కనబడితే, తెర వెలిగి ఉండగానే చీర కొంగుతో గట్టిగా తుడిచాను. అప్పుడు చేసిన పని ఏమిటో నాకు మూడు రోజుల దాకా తెలియదు.

వైఫై లేదు. రాకపోవడం కాదు, అసలు జాబితాలో ఏ పేరూ కనిపించడం లేదు. మా ఇంట్లో అయితే మా పేరూ, పక్కింటి పేరూ, ఎదురింటి పేరూ వరసగా కనిపించేవి. ఇక్కడ ఖాళీ. తెర కింద మూలలో చిన్న విమానం బొమ్మ ఒకటి ఉంది. అది వేగానికి గుర్తేమో అనుకున్నాను.

ఇంటావిడని పిలిచాను. ఆమె వెళ్ళి వైఫై బాక్సు ఆపి, మళ్ళీ వేసి వచ్చింది. మార్పు లేదు. తన ఫోన్ తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది. అందులో ఏదో వీడియో ఆడుతోంది.

"సూడండమ్మా, మా ఫోన్లో వత్తన్నాది."

ఆ మాట దగ్గర నేను ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. కానీ టైము మూడున్నర. ఆ రోజు కొత్త బ్యాచి మొదలు. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని వింటామన్నారు.

"ఫోన్‌కి వస్తే సరిపోదమ్మా. లాప్‌టాప్‌కి ఎక్కువ కావాలి. మీ బాక్సుకి అంత శక్తి లేదు" అన్నాను. ఆ మాట నేనెక్కడా వినలేదు, చదవలేదు. అప్పటికప్పుడు పుట్టించాను. కానీ ముప్పై ఏళ్ళు క్లాసులో మాట్లాడిన గొంతు నాది. ఆ గొంతుతో ఏం చెప్పినా పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. ఆమె నమ్మింది.

ఆ రోజు క్లాసు నా ఫోన్‌లోనే, ఫోన్ డేటాతో చెప్పాను. వాళ్ళ వైఫై నా ఫోన్‌కి కలిపి చూడాలని తోచనే లేదు. నా ముఖం కదలకుండా ఆగిపోతోందని, మాట తెగిపోతోందని పిల్లలు చెబుతూనే ఉన్నారు. పావుగంటకి పన్నెండు మంది కాస్తా ఏడుగురయ్యారు. క్లాసయ్యాక గ్రూపు తెరిచి చూసే ధైర్యం లేకపోయింది.

గదిలోంచి బయటికొచ్చేసరికి ఇంటావిడ ఆ నలుగురు ఆడవాళ్ళతో కలిసి కాయలు ఏరుతోంది. నేను మెట్టు మీదే నిలబడి అన్నాను.

"లేకపోతే లేదని చెప్పాలమ్మా. ఉందని అబద్ధమాడి ఇంతదూరం రప్పించుకోవడం ఏమిటి? మూడుసార్లు అడిగాను నిన్ను. బోర్డు మీద కూడా రాసుకున్నారు. ఇలా మోసం చేస్తే రేపు మీ గుమ్మం ఎవరు తొక్కుతారు?"

చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత వాళ్ళ భాషలో వాళ్ళేదో తగ్గు గొంతుతో మాట్లాడుకున్నారు. నన్నే ఏదో అంటున్నారని, తప్పించుకునే దారి వెతుకుతున్నారని అనుకున్నాను. నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకోవడానికి బయటికొస్తే, గేటు దగ్గర ఇంటావిడ కనిపించింది. గోడలు అలికే ఎర్రమన్ను చేత్తో తీసుకుని, 'వైఫై కలదు' అన్న మాటల మీద పూస్తోంది. నన్ను చూసి, "బాగయ్యేదాకా ఉండకూడదు కదమ్మా" అంది. నాకు అప్పుడు జాలి వేయలేదు. నిజం ఒప్పుకుందిలే అనిపించింది.

ఆమె భర్త ఆ రోజంతా వైఫై పనే పెట్టుకున్నాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. తోటలో కాఫీ పళ్ళు పండి రాలిపోయే రోజులు. అవి వదిలేసి నిచ్చెన తెచ్చి, మంచుకి తడిసిన రేకుల మీదకెక్కి, కేబుల్ ఎక్కడైనా నలిగిందేమోనని చూశాడు. తర్వాత స్తంభాల వెంట రోడ్డు దాకా నడిచాడు. చెట్టు కొమ్మ ఒకటి తీగ మీద వాలితే నరికి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ గది బయట నిలబడి, "ఇప్పుడు సూడండమ్మా" అనేవాడు. నేను తెర చూసి తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన తప్పేదో చేసినట్టు వెనక్కి తిరిగేవాడు.

మూడో రోజు అరకులో సంత. మిరియాల మూట పట్టుకుని సంతకి వెళ్ళాల్సిన మనిషి, మూట ఇంట్లోనే వదిలి, బాక్సు గుడ్డలో చుట్టుకుని కేబుల్ ఆఫీసుకి వెళ్ళాడు. రెండూ మోసుకుని జీపులో వేలాడుతూ వెళ్ళడం కుదరదట. మూడింటికి తిరిగొచ్చాడు. కొత్త బాక్సు తువ్వాల్లో పెట్టి, స్వెట్టరు లోపల దాచి తెచ్చాడు. బిగించాడు. దీపాలు వెలిగాయి.

నా తెర మీద ఏమీ లేదు. మళ్ళీ అదే ఖాళీ.

ఆయన ముఖం చూసి, "ఉండండి, కాస్త టైము పడుతుందేమో" అని తలుపు దగ్గరగా వేసి, విజయనగరం షాపాయనకి ఫోన్ చేశాను. ఆ ఫోన్ మొదటి రోజే చేయొచ్చు. చేయలేదు. మీటలు నొక్కడం రాని ముసలావిడ అనుకుంటాడని చేయలేదు. ఇప్పుడు కూడా ఆయనతో వీళ్ళ బాక్సు మీదే ఫిర్యాదు మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే ఆపాడు.

"మేడమ్, కింద మూల విమానం బొమ్మ ఏమైనా కనబడుతోందా?"

"ఉంది."

"పై వరసలో మీట మీద కూడా అదే బొమ్మ ఉంటుంది. ఒక్కసారి నొక్కండి. విమానం ఎక్కేటప్పుడు వైర్‌లెస్ అంతా ఆపేయడానికి పెట్టింది అది. చెయ్యి తగిలి ఉంటుంది."

నొక్కాను. విమానం మాయమైంది. క్షణంలో జాబితాలో ఒక పేరు పైకి లేచింది. వీళ్ళింటి వైఫై. కొంగుతో మీటలు తుడవడం, ఫోన్లో ఆడుతున్న వీడియో, బోర్డు మీద ఎర్రమన్ను, రేకుల మీద పాకుతున్న ఆ మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

అప్పుడే ఇంటావిడ తలుపు తోసింది. "వచ్చినాదా అమ్మా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను.

"వచ్చింది. కొత్త బాక్సు మంచిది."

ఆమె ముఖం వెలిగిపోయింది. బయటికి పరుగెత్తి భర్తకి చెప్పింది. ఆయన గుమ్మంలోకొచ్చి, మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వాడు. ఆ సాయంత్రం క్లాసు అద్భుతంగా సాగింది. ఒక తల్లి "చాలా బాగా చెప్పారు మేడమ్" అని రాసింది. నేను ఎదురుచూసిన మాటే అది. చదివితే ఏమీ అనిపించలేదు.

రాత్రి ఇంటావిడ అన్నం పెడుతూ అంది: "పాత బాక్సు పాడైపోయినట్టు మాకు తెలవలేదమ్మా. మా ఫోన్లకి వత్తంటే బాగానే ఉన్నాదనుకున్నాం. మిమ్మల్ని కష్టపెట్టేసినాం. ఏటీ అనుకోవద్దు."

నన్ను క్షమించమని అడుగుతోంది ఆమె. "పర్వాలేదులే" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. క్షమించినట్టుగా. ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది.

మర్నాడు బోర్డు మీద మన్ను కడిగేసింది. ఆ రోజు నేను గదిలోంచి ఎక్కువ బయటికి రాలేదు. చెప్పేద్దామని రెండుసార్లు వంటింటి దాకా వెళ్ళి, మంచినీళ్ళు అడిగి తిరిగొచ్చాను. ఎలాగూ వారంలో వెళ్ళిపోతాను, కొత్త బాక్సు వల్ల వాళ్ళకి పోయిందేమీ లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పోయిందేమిటో ఐదో రోజు తెలిసింది. నేను వరండాలో నోట్సు రాసుకుంటున్నాను. ముంగిట్లో ఇంటావిడ భర్తకి ఫోన్ వచ్చింది. పెద్ద గొంతుతో మాట్లాడుతున్నాడు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి కాబట్టి చెవి అటే పోయింది.

"నువ్వు బాగుందంటే బాగున్నట్టేటి? అది పని సేయదు. మా మేడమ్ సూసినారు. కాలేజీలో పాటాలు సెప్పినావిడ. ఆవిడ కంటే నీకు ఎక్కువ తెలుసేటి? ... ఫోన్ ఆవిడకి ఇవ్వను, రాసుకుంటన్నారు. ... ఆ బాక్సు నాను తిరిగివ్వను."

ఫోన్ పెట్టేశాక ఏమిటని అడిగాను.

"కేబులాఫీసు గుంటమ్మా, అక్కడ పనిసేసే పిల్ల. పాత బాక్సు పెట్టి సూసినాదంట, బాగానే ఉందంటంది. ఈ కొత్తది ఏదో బడికోసం తెప్పించినాదంట. పై ఊరి బడి. ఆ రోజు ఇవ్వనంటే నాను దెబ్బలాడి తెచ్చేసినాను." తల దించుకుని అన్నాడు, "నలుగుర్లో దొంగలని తిట్టేసినాను. గుంట ఏడ్సేసింది. ఏటి సెయ్యమంటారు, మీ క్లాసు ఆగిపోతంది కదా."

ఆయన తోటలోకి వెళ్ళిపోయాడు. నాకు ఆ సాయంత్రం క్లాసు ఉంది. చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. అయిపోయాక లాప్‌టాప్ మూసి, నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. ఈసారి నీళ్ళు అడగలేదు. ఇంటావిడ పొయ్యి ముందు కూర్చుని చోడిపిండి, అంటే రాగిపిండి, కలుపుతోంది. పక్కన పీట మీద కూర్చున్నాను. విమానం బొమ్మ సంగతి మొదలుపెట్టి, షాపాయనకి ఫోన్ చేయడం దాకా అంతా చెప్పాను. మధ్యలో "నాకు తెలియక" అన్న మాట నాలుగైదుసార్లు వాడాను. తెలిశాక కూడా రెండు రోజులు దాచానన్నది మాత్రం చివర్న, ఒక్కసారే చెప్పాను.

ఆమె కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"అంటే మా బాక్సు బాగానే ఉండేదేటి?"

"బాగానే ఉండేది."

"ఆ పూటే సెప్పొచ్చు కదమ్మా."

"సిగ్గేసింది."

ఆమె అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"నలుగుర్లో మోసమంటే నాకు సిగ్గుండదేటి?"

పొయ్యిలో కర్ర జరిపి ఆమే అంది: "ఆయనకి మీరే సెప్పండి. నాను సెప్పను."

ఆయన తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను. అవలేదు. ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రేకులెక్కిన సంగతి, సంత పోయిన సంగతి ఒక్కమాట కూడా ఎత్తలేదు.

"అయితే ఆ గుంటని ఊరికే ఏడిపించేసినాను" అన్నాడు.

"తప్పు నాది. మీది కాదు."

"తిట్టింది నా నోరే కదమ్మా." చెంబు కింద పెట్టాడు. "రేపు నాతో రండి. ఆ గుంటకి మీరే సెప్పాలి. నాను సెప్తే మళ్ళీ అబద్దమాడతన్నానంటాది."

పొద్దున్నే కొత్త బాక్సు పట్టుకుని జీపెక్కాం. కేబుల్ ఆఫీసు అంటే ఒక కిరాణా కొట్టు పైన చిన్న గది. బల్ల నిండా తీగచుట్టలు. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఆయన్ని చూడగానే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. ఆ జరుపుకోవడం ఆయనా చూశాడు.

నేను చెప్పాను. మూడోసారి. ఈసారి "తెలియక" అన్న మాట వాడలేదు. ఆయన బాక్సు బల్ల మీద పెట్టి, "తప్పయిపోయినాదమ్మా" అన్నాడు. కూతురి వయసు పిల్ల ముందు చేతులు జోడించాడు. జోడించాల్సిన చేతులు నావి. ఆయన్ని చూశాక నేనూ జోడించాను. ముందే జోడించి ఉండాల్సింది.

"అయ్యో, వద్దంకుల్" అని లేచింది ఆ అమ్మాయి. "మాకు రోజూ ఎవరో ఒకరు తిడతారు. విమానం బటనైతే చాలామంది నొక్కేస్తారు మేడమ్. అందుకే ఫోన్ ఒకసారి మీకివ్వమన్నాను. మీరు రాసుకుంటున్నారన్నారు."

నేను అప్పుడు ఆయన పక్కనే, పది అడుగుల దూరంలో ఉన్నాను.

పాత బాక్సు తెచ్చి ఇచ్చింది. బడి సంగతి అడిగితే, మాస్టారు నిన్ననే కొండ దిగి వచ్చి, బాక్సు లేదంటే ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడని, మళ్ళీ సంతకి గానీ రాడని చెప్పింది. నేను ఆటో మాట్లాడుకుని ఇచ్చొస్తానన్నాను. అక్కడిదాకా ఆటో పోదు మేడమ్, నడవాలి, మీ వల్ల కాదు అంది. నిజమే, నా వల్ల కాదు.

ఇంటికొచ్చాక పాత బాక్సు బిగించారు. నా లాప్‌టాప్‌లో నిమిషంలో కలిసింది.

అనకూడని మాట నలుగురిలో అన్నాను కాబట్టి, వెనక్కి తీసుకోవడం కూడా నలుగురిలోనే జరగాలనిపించింది. ఆ నలుగురు ఆడవాళ్ళూ పరదా దగ్గరే ఉన్నారు. మెట్టు దిగి, వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఆ రోజు ఈమెని నేను అన్న మాటలు తప్పు. వైఫై బాగానే ఉంది. పొరపాటు నా మిషన్లో, నాలో ఉంది" అన్నాను. నోట్లోంచి పాఠం చెప్పినట్టే వచ్చింది. ఇంకోలా మాట్లాడటం నాకు రాలేదు. వాళ్ళలో పెద్దామె ఇంటావిడని తమ భాషలో ఏదో అడిగింది. ఇంటావిడ రెండు మాటల్లో జవాబిచ్చింది. నలుగురూ నన్ను ఒకసారి చూసి, మళ్ళీ కాయల మీదకి వంగారు. ఆ రెండు మాటలేమిటో నేను అడగలేదు.

పది రోజులకని వెళ్ళినదాన్ని ఎనిమిదో రోజే బయల్దేరాను. ఇంటావిడ వేళకి అన్నం పెట్టింది, వేడినీళ్ళు కాచి ఇచ్చింది, వెళ్ళేటప్పుడు దారికి అరటిపళ్ళు కట్టింది. ఏ మర్యాదా తగ్గించలేదు. "జాగర్తగా ఎల్లండి మేడమ్" అంది. వచ్చిన రోజు నుంచి అమ్మా అని పిలిచిన మనిషి. ఎప్పుడు మారిందో నేను గమనించనే లేదు.

వానాకాలంలో ఒకసారి ఫోన్ చేశాను. ఆయన ఎత్తాడు. కాఫీ కాపు బాగా పట్టిందని, పెద్దమ్మాయికి సాలూరులో కాలేజీ సీటు వచ్చిందని చెప్పాడు. ఆ పై ఊరి బడికి బాక్సు చేరిందా అని అడిగాను. తర్వాతి సంతకి మాస్టారు తీసుకెళ్ళాడట. బాక్సు మోసుకుంటూ ఈయన కూడా ఆయనతో కొండెక్కాడట.

"మళ్ళీ చలికాలం రండి" అన్నాడు.

వస్తానన్నాను. ఇంకా వెళ్ళలేదు.